రాత్రి 2 గంటలకు సర్వీసు ఆపకుండా బ్యాకప్ తీసేదెలా?

ప్రశ్న: బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మేం ముగ్గురం కలిసి పీజీ హాస్టళ్లకి, ఆంధ్రా మెస్సులకి ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. అద్దె రసీదులు, మెస్ టోకెన్లు, కొత్తగా చేరేవాళ్ల వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఊళ్లోనే ఒక డేటా సెంటర్లో ఒకే ఒక అద్దె సర్వర్ ఉంది. ఉబుంటు, మైఎస్‌క్యూఎల్ 8.0. డేటాబేస్ 60 జీబీ, ఆధార్ కాపీలు, ఫొటోలు కలిపి ఇంకో 180 జీబీ. రోజూ రాత్రి 2 గంటలకు సైట్ ఆపి మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో బ్యాకప్ తీస్తున్నాం. 40 నిమిషాలు పడుతోంది. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చినవాళ్లకి టోకెన్ రావట్లేదని ఓనర్లు ఫోన్ చేసి తిడుతున్నారు. ఒకసారి ఆపకుండా తీసి చూశాం. పేజీలు తెరుచుకున్నాయి గానీ కొత్త టోకెన్ పడలేదు. ఎర్రర్ కూడా రాలేదు, అలా తిరుగుతూనే ఉంది. మాలో ఒకడు రెయిడ్ డిస్కులుంటే (ఒకే డేటాని రెండు డిస్కుల మీదా రాసే ఏర్పాటు) చాలంటాడు. ఇంకొకడు రెప్లికా (ప్రతి మార్పూ వెంటనే చేరే ఇంకో డేటాబేస్ సర్వర్) పెట్టుకుంటే బ్యాకప్పే అక్కర్లేదంటాడు. నెలకి నాలుగైదు వేలకు మించి పెట్టలేం. ఏ పద్ధతి ఎంచుకోమంటారు?

జవాబు: ఈ రాత్రికే చేయగలిగింది ముందు చెబుతాం. మీ క్రాన్‌లో ఉన్న డంప్ కమాండ్‌కి సింగిల్-ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ చేర్చండి. సైట్ ఆపే లైను తీసేయండి. ఓనర్ల ఫోన్లు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. పైసా ఖర్చు లేదు.

మీరు రాసిన ఆ "తిరుగుతూనే ఉంది" అన్న మాటలోనే కారణం ఉంది. ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే డంప్ ముందుగా ఆ డేటాబేస్‌లోని టేబుళ్లన్నిటికీ రీడ్ లాక్ వేస్తుంది, పని అయ్యేదాకా వదలదు. చదవడానికి అడ్డు లేదు కాబట్టి పేజీలు తెరుచుకున్నాయి. కొత్త టోకెన్ అంటే రాయడం, అందుకే అది లాక్ వెనక నిలబడిపోయింది. మరి ఎర్రరైనా ఎందుకు రాలేదు? ఈ రకం లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్ డీఫాల్ట్ విలువ 3,15,36,000 సెకన్లు, అంటే సరిగ్గా ఏడాది. మైఎస్‌క్యూఎల్ ఓపిక అంత. మధ్యలో మీ యాపో, బ్రౌజరో విసిగి వదిలేయాల్సిందే. ఆ సమయంలో ప్రాసెస్ లిస్ట్ (నడుస్తున్న క్వెరీల జాబితా) తెరిచి ఉంటే "వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్" అని వరసగా కనబడేది.

సింగిల్-ట్రాన్సాక్షన్ ఇస్తే ఈ లాకు ఉండదు. డంప్ మొదలైన క్షణాన ఒక ట్రాన్సాక్షన్ తెరుచుకుని, ఆ క్షణానికి డేటా ఎలా ఉందో చివరిదాకా అలాగే చదువుతుంది. 2:00కి మొదలైతే, 2:25కి చదివే టేబుల్లోనూ 2:00 నాటి వరసలే వస్తాయి. ఈలోగా మారిన వరసల పాత రూపాన్ని ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లని నడిపే ఇంజిన్) తన అన్‌డూ లాగ్‌లో దాచి అందిస్తుంది.

దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, టేబుళ్లన్నీ ఇన్నోడీబీ అయి ఉండాలి. మైఐసామ్ అనే పాత ఇంజిన్ టేబుల్ ఒక్కటి మిగిలినా దానికి ఈ హామీ వర్తించదు, డంప్ మాత్రం ఏమీ అనకుండా ముగిసిపోతుంది. ఇన్ఫర్మేషన్ స్కీమాలో టేబుళ్ల జాబితా తీసి ఇంజిన్ కాలమ్ చూడండి. 2010లో 5.5 వెర్షన్ వచ్చేదాకా డీఫాల్ట్ మైఐసామే కాబట్టి, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ నుంచి తెచ్చుకున్న టేబుళ్లు అలా మిగిలిపోతుంటాయి. ఆల్టర్ టేబుల్‌తో మార్చుకోవచ్చు. మార్చేంతసేపూ ఆ టేబుల్‌లోకి రాతలు ఆగుతాయి కాబట్టి చిన్నవాటితో మొదలుపెట్టి ఒక్కోటీ చేయండి. రెండోది, డంప్ నడుస్తుండగా ఆల్టర్, డ్రాప్, రీనేమ్, ట్రంకేట్ ఏదీ చేయకూడదు. చేస్తే డంప్ 1412 నంబరు ఎర్రర్‌తో మధ్యలో చచ్చిపోవచ్చు, లేదా తప్పుడు డేటా రావచ్చు. అర్ధరాత్రి డిప్లాయ్‌మెంట్లు చేసే అలవాటుంటే ఆ వేళకి దూరంగా జరపండి.

ఇంకో చోట కూడా జనం పడిపోతుంటారు. డంప్ ఏ బిన్‌లాగ్ (ప్రతి మార్పూ వరసగా పడే లాగ్) స్థానం దగ్గర తీశామో గుర్తుండటానికి సోర్స్-డేటా అనే ఆప్షన్ ఇస్తారు (8.0.26కి ముందు దీని పేరు మాస్టర్-డేటా). మంచిదే. కానీ ఆ స్థానం రాసుకోవడానికి డంప్ మొదట్లో ఒక్క క్షణం సర్వర్ మొత్తానికీ రీడ్ లాక్ అడుగుతుంది. ఆ క్షణానికి పెద్ద క్వెరీ ఏదీ లేకపోతే ఎవరికీ తెలియదు కూడా. అదే 1:55కి ఎవరైనా నెలవారీ బకాయిల రిపోర్టు నొక్కి, అది 12 నిమిషాల క్వెరీ అయిందనుకోండి. లాక్ దాని కోసం ఆగుతుంది, లాక్ వెనక టోకెన్లన్నీ ఆగుతాయి. సైట్ ఆపలేదు గానీ ఆగినట్టే. బ్యాకప్ స్క్రిప్ట్ మొదట్లో ప్రాసెస్ లిస్ట్ చూసి, 30 సెకన్లు దాటిన క్వెరీ ఉంటే రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూసేలా నాలుగు లైన్లు రాసుకుంటే సరిపోతుంది.

ఇంతవరకూ ఈ రాత్రి సంగతి. మీరు అడగని ప్రశ్న ఒకటుంది, పద్ధతి ఎంపిక నిజానికి దానిమీదే ఆధారపడుతుంది: రేపు ఉదయం 11 గంటలకు సర్వర్ పోతే టోకెన్లు మళ్లీ ఎన్నింటికి మొదలవుతాయి? డంప్ అంటే ఎస్‌క్యూఎల్ వాక్యాల కట్ట. దాన్ని తిరిగి ఎక్కించడమంటే ప్రతి వరసనీ కొత్తగా చొప్పించి, ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకోవడం. 40 నిమిషాల్లో తీసింది 40 నిమిషాల్లో ఎక్కదు, అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. 60 జీబీకి పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయినా ఆశ్చర్యం లేదు. రోజూ 40 నిమిషాలు ఆగితేనే తిట్టిన ఓనర్లు ఆ రోజు ఊరుకోరు. పైగా ముందు రాత్రి 2 నుంచి 11 దాకా పడ్డ రసీదులు ఆ డంప్‌లో లేనే లేవు.

అందుకని మీ సైజుకి మా సిఫారసు ఫిజికల్ హాట్ బ్యాకప్, దానికి తోడు బిన్‌లాగ్. మైఎస్‌క్యూఎల్‌కైతే పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్ వాడండి, ఉచితం. అది వరసల్ని చదవదు, డేటా ఫైళ్లనే ఉన్నవున్నట్టు కాపీ చేస్తుంది. నడుస్తున్న ఫైలుని కాపీ చేస్తే ముందు పేజీ 2:00 నాటిది, చివరి పేజీ 2:08 నాటిది అవుతుంది కదా అంటారా? అవుతుంది. ఈ కారణంగానే నడుస్తున్న డేటా డైరెక్టరీని ఆర్‌సింక్ అనే ఫైళ్ల కాపీ టూల్‌తో ఊరికే కాపీ చేసేవాళ్లకి తర్వాత డేటాబేస్ లేవదు. ఒకవేళ లేచినా రసీదు ఉండదు, బకాయి మాత్రం తగ్గి ఉంటుంది. ఎక్స్‌ట్రాబ్యాకప్ ఫైళ్లు కాపీ చేస్తూనే పక్కన రీడూ లాగ్‌ని (ఇన్నోడీబీ తన మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్) కూడా మొదటి నుంచి చివరిదాకా రాసుకుంటుంది. తర్వాత ప్రిపేర్ అనే దశలో ఆ లాగ్‌ని ఫైళ్ల మీద ఆడించి, అన్ని పేజీల్నీ ఒకే క్షణానికి తెస్తుంది. కరెంటు పోయి వచ్చాక మైఎస్‌క్యూఎల్ తనంతట తాను చేసుకునే రికవరీ కూడా ఇదే.

ఇందులో జరిగే తప్పులు మాకు తెలిసినంతలో ఇవి. వెర్షన్ జతపడాలి: 8.0 సర్వర్‌కి 8.0 టూల్, 8.4కి 8.4, పాత 5.7కి 2.4. మీది నిజంగా మైఎస్‌క్యూఎలేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. డెబియన్‌లో డీఫాల్ట్‌గా ఎక్కేది మారియాడీబీ. దానికి సొంత టూల్ మారియాబ్యాకప్ ఉంది, అదే వాడాలి. ప్రిపేర్ దశని రీస్టోర్ రోజుకి వదిలేయకుండా, బ్యాకప్ చేరిన మెషీన్ మీద వారానికోసారైనా నడపండి. దానికి డీఫాల్ట్ మెమరీ 100 ఎంబీ మాత్రమే, యూజ్-మెమరీ ఆప్షన్‌తో 1 జీబీయో 2 జీబీయో ఇస్తే చాలా త్వరగా అవుతుంది. బ్యాకప్ లాగ్ చివర్లో "కంప్లీటెడ్ ఓకే!" అన్న లైను రావాలి, ప్రిపేర్ చివర్లోనూ రావాలి. ఆ లైను లేని బ్యాకప్ సైజు ఎంతున్నా బ్యాకప్ కాదు. రాతలు మరీ ఎక్కువైన వేళ రీడూ లాగ్ చుట్టు తిరిగి, టూల్ చదివేలోపే పాతవాటి మీద కొత్తవి పడిపోతే పని ఎర్రర్‌తో ఆగుతుంది. అలా రోజూ ఆగుతుంటే రీడూ సైజు పెంచండి. ఇక డిస్క్ చదివే వేగం సెకనుకి 100 ఎంబీ అనుకుంటే 60 జీబీకి 10 నిమిషాలు. ఆ 10 నిమిషాలూ టోకెన్ పేజీ కొంచెం బరువుగా కదులుతుంది. త్రాటిల్ ఆప్షన్‌తో నెమ్మదించి అరగంట చేసినా మీకు నష్టం లేదు, ఎందుకంటే ఎవరూ ఆగి లేరు. ఆల్టర్ టేబుళ్లు మాత్రం ఇక్కడ కూడా బ్యాకప్ అయ్యేదాకా ఆగుతాయి.

వేళ విషయం: రాత్రి 2 అని మీరు అలవాటుగా పెట్టుకున్నట్టున్నారు. నైట్ షిఫ్ట్ క్యాబులు తెల్లవారుజామున దిగే ఊళ్లో ఖాళీ వేళ ఏదో ఊహించకండి. వెబ్ సర్వర్ లాగ్ నుంచి గంటకి ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో వారం రోజులకి లెక్కేసి చూడండి. మధ్యాహ్నం 3:30 బయటపడినా ఆశ్చర్యపోకండి, అప్పుడే పెట్టండి.

రెండో భాగం బిన్‌లాగ్. 8.0లో ఇది డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, 30 రోజులు నిలవ ఉంటుంది. ప్రతి మార్పూ వరసగా ఇందులో పడుతుంది. కానీ అది అదే సర్వర్ డిస్క్ మీద ఉంటే సర్వర్‌తో పాటే పోతుంది. ఇంకో మెషీన్ నుంచి మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ టూల్‌ని రీడ్-ఫ్రమ్-రిమోట్-సర్వర్, రా, స్టాప్-నెవర్ అన్న మూడు ఆప్షన్లతో నడిపితే మార్పులు పడీపడగానే అక్కడికి చేరుతుంటాయి. దీంతో మీ నష్టం 24 గంటల నుంచి కొద్ది సెకన్లకి దిగుతుంది. ఒక మెలిక ఉంది: కనెక్షన్ తెగితే ఈ టూల్ తనంతట తాను మళ్లీ కలవదు. సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టి, పడిపోతే మళ్లీ లేపేలా, చేరిన చివరి ఫైలు నుంచే మొదలుపెట్టేలా చిన్న స్క్రిప్ట్ రాయండి. ఆ చివరి ఫైలు గంటకి పైగా మారకపోతే మీ ఫోన్‌కి మెసేజ్ రావాలి.

ఇది ఎలా పనికొస్తుందో ఒక ఉదాహరణలో చూడండి. ఉదయం 11:20కి ఎవరో వేర్ షరతు రాయకుండా డిలీట్ నొక్కారు, రసీదుల టేబుల్ ఖాళీ. పక్క మెషీన్ మీద ముందు రాత్రి బ్యాకప్‌ని ప్రిపేర్ చేసి లేపుతారు. బ్యాకప్ ఫోల్డర్‌లో బిన్‌లాగ్ ఇన్ఫో అనే చిన్న ఫైలు ఉంటుంది, ఏ లాగ్ ఫైలు, ఏ స్థానం అని అందులో రాసి ఉంటుంది. అక్కడి నుంచి బిన్‌లాగ్‌ని ఆడిస్తారు, ఆ డిలీట్ ముందు స్థానం దగ్గర ఆపుతారు. సమయం ఇచ్చి కూడా ఆపొచ్చు గానీ, అదే సెకనులో పడ్డ మంచి రసీదు ఏ వైపుకి పోతుందో చెప్పలేం. బిన్‌లాగ్‌ని వెర్బోస్‌గా తెరిచి, డిలీట్ ఎక్కడ మొదలైందో వెతికి, ఆ స్థానం నంబరే ఇవ్వండి.

మీ రెప్లికా మిత్రుడికి ఇక్కడే జవాబుంది. 11:20 డిలీట్ రెప్లికాకి ఒకట్రెండు సెకన్లలో చేరుతుంది, అక్కడా టేబుల్ ఖాళీ అవుతుంది. రెప్లికా ఒక మెషీన్ పాడైతే కాపాడుతుంది, మనిషి తప్పు నుంచి కాపాడదు. సోర్స్-డిలే పెట్టి గంట వెనకగా నడిపితే కొంత ఊరట, ఆ గంటలోపు ఎవరైనా గమనిస్తేనే. అలాగని అతని మాట పూర్తిగా తీసిపారేయకండి. రెప్లికా ఉంటే బ్యాకప్‌ని దాని మీద తీసుకోవచ్చు, అసలు సర్వర్‌కి ఒక్క పిసరు బరువు పడదు. ఆపి తీస్తేనే మనశ్శాంతి అనుకుంటే ఆపాల్సింది రెప్లికాని. దాన్ని నింపాదిగా ఆపి, ఫైళ్లు కాపీ చేసి, మళ్లీ లేపితే వెనకబడ్డదంతా అందుకుంటుంది. కాకపోతే మీ నాలుగైదు వేలలో రెప్లికాకి తగ్గ మెషీనూ, బ్యాకప్ డిస్కూ రెండూ రావడం కష్టం. ఇప్పటికి డిస్క్ ఉన్న మెషీనే తీసుకోండి.

రెయిడ్ మిత్రుడికి ఒక్క మాట చాలు. ఒక డిస్క్ పోతే సర్వీసు ఆగకుండా ఉండటానికే రెయిడ్, తప్పుడు డిలీట్‌ని అది రెండు డిస్కుల మీదా నమ్మకంగా రాస్తుంది.

స్నాప్‌షాట్ (డిస్క్ ఒక క్షణాన ఎలా ఉందో ఆ రూపం) సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. లైనక్స్‌లో డిస్కుని వాల్యూములుగా పంచే ఎల్‌వీఎం తీసే స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది, ఇన్నోడీబీ దాన్నుంచి లేవగలదు కూడా. డేటా ఫైళ్లూ, రీడూ లాగూ ఒకే వాల్యూమ్ మీద ఉండాలన్నది మాత్రం మరచిపోకూడదు. పైగా వాల్యూమ్ గ్రూప్‌లో ఖాళీ ఉండాలి. సెకనుకి 5 ఎంబీ మారుతుంటే 20 నిమిషాల కాపీకి 6 జీబీ కావాలి, మూడింతలు ఇవ్వండి. ఆ చోటు నిండితే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది, అప్పటిదాకా చేసిన కాపీ వృథా. అద్దె సర్వర్లలో చాలావాటికి మొత్తం డిస్క్ ఒకే వాల్యూమ్‌కి ఇచ్చేసి ఉంటారు కాబట్టి మీకు ఇది కుదరకపోవచ్చు. క్లౌడ్‌కి మారితే డిస్క్ స్నాప్‌షాట్‌ని అదనపు పొరగా వాడుకోండి, అదొక్కటే నమ్ముకోకండి. అమెజాన్‌లో స్నాప్‌షాట్ నుంచి తెచ్చిన డిస్క్ వెంటనే కనబడుతుంది గానీ, డీఫాల్ట్‌గా ప్రతి బ్లాకూ మొదటిసారి ముట్టుకున్నప్పుడే వెనక నుంచి వస్తుంది, ఆ కాసేపూ డేటాబేస్ ఈడుస్తుంది.

ఇక 180 జీబీ ఫైళ్లు. వీటికి రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ వాడండి. మారిన ముక్కల్నే పంపుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. 100 ఎంబీపీఎస్ లైను మీద మొదటిసారి 4 గంటలు పడుతుంది, ఆ తర్వాత రోజూ కొద్ది నిమిషాలే. వరస ముఖ్యం: ముందు డేటాబేస్, ఆ తర్వాత ఫైళ్లు. అప్పుడు డేటాబేస్‌లో పేరున్న ప్రతి ఫొటో ఫైళ్ల బ్యాకప్‌లో ఉంటుంది. నాలుగు ఫొటోలు ఎక్కువుంటే బాధ లేదు. తిరగేస్తే, రికార్డు ఉండి ఆధార్ కాపీ లేని గెస్టులు తేలుతారు. గది ఖాళీ చేసినవాళ్ల ఫైళ్లు యాప్ వెంటనే చెరిపేస్తుంటే, ఆ చెరపడాన్ని మూడు రోజులు వాయిదా వేయండి, ఇదే కారణం. ఆర్‌సింక్‌ని డిలీట్ ఆప్షన్‌తో నడిపి దాన్నే బ్యాకప్ అనుకోవడం మాత్రం వద్దు, ఇక్కడ పోయింది రాత్రికల్లా అక్కడా పోతుంది.

రెండో మెషీన్ ఎంతది, ఎక్కడ? 60 జీబీ కుదిస్తే 20 అవుతుందనుకుందాం. ఏడు రోజులవి 140, నాలుగు వారాలవి 80, ఫైళ్లు 180, అంటే 400 జీబీ. బిన్‌లాగులకీ, ప్రిపేర్ చేసి చూడటానికీ చోటు కావాలి కాబట్టి 1 టీబీ తీసుకోండి. ప్రాసెసర్ చిన్నదైనా, ఎస్‌ఎస్‌డీ కాకపోయినా ఫర్వాలేదు. ఊరు మాత్రం మారాలి. హైదరాబాదో, చెన్నయో, ముంబయో ఏదైనా సరే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, సర్వర్‌నీ బ్యాకప్‌నీ అదే ప్రాంగణంలో పెట్టుకున్నవాళ్లకి రెండూ పోయాయి. 2022 సెప్టెంబర్లో ఔటర్ రింగ్ రోడ్డు ఎలా మునిగిందో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఆఫీసులో నేలమీద పెట్టిన ఎన్‌ఏఎస్‌ని (నెట్‌వర్క్ డిస్క్ పెట్టె) బయటి కాపీగా లెక్కేయకండి. బ్యాకప్ మెషీనే వచ్చి అసలు సర్వర్ నుంచి తీసుకెళ్లేలా పెట్టండి. అసలు సర్వర్ దగ్గర బ్యాకప్‌ని చెరిపే తాళం ఉండకూడదు. లేకపోతే సర్వర్‌లోకి దూరినవాడు మొదట చెరిపేది దాన్నే.

ఎన్ని చేసినా తెరిచి చూడని బ్యాకప్ మీద ఆధారపడలేం. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశాడు. రోజువారీ డంప్ ఉందిలే అనుకుని వెళ్లి చూస్తే లేదు. డంప్ టూల్ 9.2, సర్వర్ 9.6, వెర్షన్ కుదరక ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లని మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి ఆరు గంటల ముందు అనుకోకుండా చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాటే ఆదుకుంది, ఆ ఆరు గంటల డేటా పోయింది. మీ స్క్రిప్ట్‌లోనూ ఇలాంటి గుంట ఒకటి ఉండి ఉంటుంది: డంప్‌ని పైపు ద్వారా జీజిప్‌కి పంపుతుంటే, డంప్ మధ్యలో చచ్చినా జీజిప్ సక్రమంగా ముగుస్తుంది, స్క్రిప్ట్ అంతా బాగుందంటుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ సెట్ చేయండి. డంప్ ఫైలు చివరి లైను "డంప్ కంప్లీటెడ్" అని ఉందో లేదో స్క్రిప్టే చూడాలి. "ఫెయిలైంది" అన్న మెసేజ్ కోసం ఎదురుచూసే బదులు "అయింది, 19.8 జీబీ" అని రోజూ మెసేజ్ వచ్చేలా పెట్టి, రాని రోజు లేచి చూడండి.

నెలకోసారి గంటల లెక్కన దొరికే ఒక మెషీన్ తీసుకుని మొత్తం రీస్టోర్ చేయండి. డేటా డైరెక్టరీ ఖాళీగా ఉండాలి, లేకపోతే కాపీ-బ్యాక్ (బ్యాకప్ ఫైళ్లని తిరిగి పెట్టే ఎక్స్‌ట్రాబ్యాకప్ ఆప్షన్) ఒప్పుకోదు. కాపీ అయ్యాక ఫైళ్ల ఓనర్‌ని మైఎస్‌క్యూఎల్ యూజర్‌కి మార్చాలి. సర్వర్ లేవట్లేదని గంటసేపు తలపట్టుకునే చోట చాలాసార్లు కారణం ఇదొక్కటే. లేచాక చివరి రసీదు నంబరు, గెస్టుల సంఖ్య, ఏవైనా పది ఆధార్ కాపీలు తెరుచుకుంటున్నాయా అన్నది చూడండి. మొదలుపెట్టిన టైమూ, టోకెన్ పడిన టైమూ రాసుకోండి. ఓనర్లు అడిగితే చెప్పాల్సిన లెక్క అదే. పాత డంప్‌ని మానేయకుండా వారానికి ఒకటి తీయండి. ఒక్క టేబుల్ కావాల్సి వచ్చినా, వేరే వెర్షన్‌కి మారాల్సి వచ్చినా అదే సులువు.

ఆధార్ కాపీలున్నాయి కాబట్టి బ్యాకప్ లీకైనా అది మీ లీకే. 2023 డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పెట్టనందుకు జరిమానా పరిమితి 250 కోట్లు. ఎక్స్‌ట్రాబ్యాకప్ కాపీలు, బిన్‌లాగులు కూడా ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ మీదే పెట్టండి. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఫైళ్లు తెరిచే దారి ఎవరి దగ్గరా ఉండదు. దాన్ని ఆ సర్వర్‌లోనే ఒక ఫైలులో పెట్టుకుని ఊరుకోకుండా, కాగితం మీద రాసి ముగ్గురిలో ఇద్దరి ఇళ్లలో ఉంచండి.